గుండెపోటు వచ్చి తగ్గిన తరువాత బిడ్డను కనాలనుకుంటే ఏం చేయాలి

ముప్పై, ముప్పై అయిదేళ్ల వయసులో గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికి బయలుదేరే స్త్రీకి ఆసుపత్రిలో చెప్పే జాగ్రత్తల్లో ఉప్పు, నూనె, నడక, మాత్రల వేళలు అన్నీ ఉంటాయి గాని, పిల్లల సంగతి చాలాసార్లు ప్రస్తావనకే రాదు. అది ప్రసూతి వైద్యురాలు చూసుకుంటారని గుండె వైద్యుడు అనుకుంటారు. ప్రసూతి వైద్యురాలి దగ్గరకు మనం వెళ్లేది నెల తప్పిన తరువాతే. ఈ ఇద్దరి మధ్య మిగిలిపోయిన ఖాళీలో, బిడ్డకు హాని చేసే మాత్రలు రెండు మూడు నెలలు అలాగే సాగిపోవడమో, భయపడి అన్ని మాత్రలూ ఒకేసారి మానేయడమో జరుగుతుంది. రెండూ ప్రమాదమే. ఆ ఖాళీని మీరే ఎలా పూడ్చుకోవాలో వరుసగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది చదివి మందులు మార్చుకోవద్దు. ఎవరిని, ఎప్పుడు, ఏమి అడగాలో తెలుసుకోవడానికి దీన్ని వాడుకోండి.

మొదటి పని: గర్భం దానంతటది రాకుండా చూసుకోవడం

బిడ్డ కావాలనుకునే వారికి ముందుగా గర్భనిరోధం గురించి చెప్పడం విడ్డూరంగా తోచవచ్చు. కాని గుండెపోటు తరువాత గర్భం అనుకోకుండా రాకూడదు, అనుకుని తెచ్చుకోవాలి. యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2018లో వెలువరించిన మార్గదర్శకాలు గుండెపోటు తరువాత సుమారు 12 నెలలు ఆగడం సబబని చెబుతూ, ఆ గడువును ఒక్కొక్కరి పరిస్థితిని బట్టి నిర్ణయించుకోమన్నాయి. ఈ ఏడాది ఊరికే పోదు. దెబ్బతిన్న గుండె కండరం ఎంతవరకు కోలుకుంటుందో ఈ కాలంలోనే తేలుతుంది. స్టెంట్ మూసుకుపోకుండా ఆస్పిరిన్‌తో పాటు ఇచ్చే రెండో మందు కూడా సాధారణంగా ఏడాది పాటు ఉంటుంది, అది ముగిసిన తరువాత గర్భం దాలిస్తే కాన్పు సమయంలో రక్తస్రావం బెడద తగ్గుతుంది.

ఆ ఏడాది ఏ పద్ధతి వాడాలన్నది ముఖ్యం. ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్, మందుల షాపులో దొరికే మాలా-డి వంటి రోజువారీ మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉంటుంది. అది రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది కనుక గుండెపోటు వచ్చినవారు వాటిని అసలు వాడకూడదు. మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్‌ను కూడా గుండెపోటు వచ్చినవారికి సాధారణంగా సూచించరు. హార్మోను లేని కాపర్-టి చాలామందికి సరిపోతుంది. రక్తం పలుచబరచే మందులు వాడుతుంటే నెలసరి రక్తస్రావం ఎక్కువ కావచ్చు కాబట్టి ఆ సంగతి వేయించుకునే ముందే చెప్పండి.

రెండో పని: గుండెపోటు ఎందుకు వచ్చిందో తేల్చుకోవడం

'బ్లాక్ ఉంది, స్టెంట్ వేశాం' అన్నది జరిగిన చికిత్స, వచ్చిన కారణం వేరు. చిన్న వయసు స్త్రీలో ఆ కారణమే రాబోయే గర్భం తీరును చాలావరకు నిర్ణయిస్తుంది. మధుమేహం, అధిక రక్తపోటు, పొగాకు వల్ల రక్తనాళంలో కొవ్వు పేరుకుని ఉంటే వాటిని అదుపు చేసుకోవడానికి దారి ఉంది. పొగాకు అనగానే 'నేను సిగరెట్ తాగను' అని కొట్టిపారేయకండి. శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంత పల్లెల్లో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఆడవాళ్లు తరతరాలుగా ఉన్నారు. దాన్ని అడ్డపొగ అంటారు, వైద్యుడు అడిగే ప్రశ్నల్లో ఆ పేరు రాదు, మీరే చెప్పాలి. గుట్కా, ఖైనీ, ఇంట్లో మగవారు వదిలే పొగ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

వంశపారంపర్యంగా కొలెస్టరాల్ మితిమీరి ఉండే జబ్బు అయితే మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి. మేనరికం చేసుకున్నవారైతే భర్త కొలెస్టరాల్ కూడా చూపించండి, ఎందుకంటే అటూ ఇటూ ఒకే లోపం ఉన్న జన్యువు ఉంటే బిడ్డకు ఆ జబ్బు తీవ్రరూపంలో సంక్రమించే వీలుంది. గుండెపోటుతో పాటు గతంలో పదేపదే గర్భస్రావాలు కూడా జరిగి ఉంటే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే, రక్తం గడ్డకట్టే జబ్బు కోసం రక్తపరీక్షలు చేయించాలి. అది ఉందని తేలితే గర్భకాలమంతా ఆస్పిరిన్‌తో పాటు, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్లు అవసరమవుతాయి.

అన్నిటికంటే జాగ్రత్తగా అడిగి తెలుసుకోవలసిన కారణం మరొకటి ఉంది. కొవ్వు, గడ్డ ఏమీ లేకుండానే గుండె రక్తనాళం గోడలోని పొరలు తమంతట తామే చీలి విడిపోవడాన్ని వైద్యులు స్కాడ్ అంటారు. గర్భం చివరి నెలల్లోను, కాన్పు తరువాతి తొలి వారాల్లోను స్త్రీలకు వచ్చే గుండెపోట్లలో దీనికి పెద్ద వాటా ఉంది. మీకు వచ్చింది అదే అయితే మళ్లీ చీలే అవకాశం ఉంది కాబట్టి చాలామంది నిపుణులు మరో గర్భం వద్దనే అంటారు. కాబట్టి యాంజియోగ్రామ్ సీడీని, డిశ్చార్జి సమ్మరీని పారేయకుండా దాచి, 'ఇది కొవ్వు వల్ల వచ్చిందా, నాళం చీలడం వల్ల వచ్చిందా' అని గుండె వైద్యుడిని సూటిగా అడగండి.

మూడో పని: గుండె ఎంత బరువు మోయగలదో కొలిపించుకోవడం

గర్భిణి ఒంట్లో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం వరకు పెరుగుతుంది. గుండె నిమిషానికి పంపే రక్తం కూడా దాదాపు అదే మేరకు పెరుగుతుంది, నాడి నిమిషానికి 10 నుంచి 20 దాకా ఎక్కువ కొట్టుకుంటుంది. ఎనిమిదో నెల నాటికి ఈ బరువు పరాకాష్ఠకు చేరుతుంది. ఒక మూల మచ్చ పడిన గుండె దీన్ని తట్టుకుంటుందా అన్నది గర్భానికి ముందే చూడాలి.

గుండెకు చేసే స్కానింగు అయిన ఎకో రిపోర్టులో ఎజెక్షన్ ఫ్రాక్షన్ అని ఒక అంకె ఉంటుంది. గుండె ఒక్కసారి ముడుచుకున్నప్పుడు ఎడమ గదిలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందో అది చెబుతుంది. ఆ అంకె 30 కంటే తక్కువ ఉంటే, లేదా నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వచ్చే స్థితి ఉంటే, తల్లి ప్రాణానికే ముప్పు కనుక గర్భం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఆధారంగా వైద్యులు చెబుతారు. 30 నుంచి 45 మధ్య ఉంటే ముప్పు గణనీయంగానే ఉంటుంది, నిపుణుల గట్టి పర్యవేక్షణ లేకుండా ముందుకు వెళ్లకూడదు. 45 దాటి ఉండి, ట్రెడ్‌మిల్ పరీక్షలో నొప్పి గాని ఈసీజీలో మార్పు గాని రాకపోతే, పరిస్థితి చాలా ఆశాజనకమనే చెప్పాలి; అలాంటివారిలో ఎక్కువమంది గర్భాన్ని నెట్టుకురాగలుగుతారు. అయినా గుర్రపువాతానికి (గర్భిణుల్లో వచ్చే మూర్ఛలకు) దారితీసే అధిక రక్తపోటు, నెలలు నిండకముందే కాన్పు, బిడ్డ బరువు తక్కువగా పుట్టడం మిగతావారిలో కంటే ఎక్కువగా కనబడతాయి.

ట్రెడ్‌మిల్ పరీక్షలో రక్తప్రసరణ లోపం కనబడితే, అవసరమైన యాంజియోగ్రామ్, స్టెంట్ వంటివి గర్భానికి ముందే పూర్తిచేసుకోవాలి. అదే వేళలో హిమోగ్లోబిన్, థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు, మూడు నెలల సగటు చక్కెర కూడా చూపించండి. మధుమేహం ఉంటే ఆ సగటు (హెచ్‌బీఏ1సీ) 6.5 శాతం కంటే తగ్గాక ప్రయత్నించడం మేలు. గర్భానికి కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. మధుమేహం ఉన్నవారికి వైద్యులు 5 మిల్లీగ్రాముల మోతాదు ఇస్తారు.

నాలుగో పని: మాత్రల అట్టలను వెనక్కి తిప్పి చదవడం

నా దృష్టిలో ఈ మొత్తం ప్రయత్నంలో ఎక్కువ పొరపాట్లు జరిగే చోటు ఇదే. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక పళ్లెంలో పోసి, ఒక్కో అట్టను వెనక్కి తిప్పి, పెద్ద అక్షరాల్లోని కంపెనీ పేరును వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లను ఒక కాగితం మీద వరుసకు ఒకటి చొప్పున రాయండి. మన దగ్గర ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ కలిసిన క్యాప్సూల్, వాటికి క్లోపిడోగ్రెల్ కూడా చేరిన మూడింటి క్యాప్సూల్ విరివిగా రాస్తారు. గర్భం వచ్చాక ఆస్పిరిన్ కొనసాగాలి, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ (అటోర్వాస్టాటిన్ వంటిది) సాధారణంగా ఆగాలి, క్లోపిడోగ్రెల్ అవసరాన్ని బట్టి ఉండాలి. ఒకే గొట్టంలో మూడూ ఉన్నప్పుడు 'ఆ క్యాప్సూల్ ఆపేయండి' అన్న ఒక్క మాటతో ఆస్పిరిన్ కూడా ఆగిపోతుంది. అందుకే గర్భానికి ప్రయత్నించే ముందే విడివిడి మాత్రలుగా మార్చి రాయమని అడగండి.

ఆ కాగితంలో రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి 'ప్రిల్' పేర్లు, టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటి 'సార్టాన్' పేర్లు, సాకుబిట్రిల్ కలిసిన మాత్రలు ఉంటే వాటి కింద ఎర్రగీత గీయండి. నాలుగో నెల దాటాక ఇవి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీటిని తగ్గించేస్తాయి. స్పైరొనోలాక్టోన్, ఎప్లెరెనోన్, ఐవాబ్రాడిన్, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా గర్భంలో వాడవలసినవి కావు. టికాగ్రెలార్, ప్రసుగ్రెల్‌లకు గర్భంలో సరిపడా అనుభవం లేదు; రెండో రక్తం పలుచబరచే మందు తప్పనిసరైతే క్లోపిడోగ్రెల్‌నే, అదీ వీలైనంత తక్కువ కాలం వాడతారు. గుండె గదిలో గడ్డ ఉండి వార్ఫరిన్ వేసుకుంటున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి: ఆరో వారం నుంచి పన్నెండో వారం వరకు అది బిడ్డ అవయవ నిర్మాణాన్ని దెబ్బతీయవచ్చు.

కొనసాగించగలిగినవీ ఉన్నాయి. తక్కువ మోతాదు ఆస్పిరిన్ గుండెకూ మంచిదే, గర్భంలో రక్తపోటు ముదరకుండా కూడా కాపాడుతుంది. మెటోప్రొలాల్, బైసొప్రొలాల్ కొనసాగించవచ్చు గాని బిడ్డ ఎదుగుదలను స్కానింగుల్లో గమనిస్తూ ఉండాలి. అటెనొలాల్ అయితే మార్పించుకోవాలి. స్టాటిన్ల విషయంలో ఒక మాట. వాటిని గర్భిణులకు పూర్తిగా నిషేధిస్తూ అచ్చువేసే హెచ్చరికను తొలగించమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో కోరింది. దాని అర్థం అందరూ వాడవచ్చని కాదు. ముప్పు మరీ ఎక్కువ ఉన్న కొందరికి వైద్యులు ఆలోచించి కొనసాగించవచ్చని, తెలియక కొన్ని వారాలు వేసుకున్నవారు ఆ ఒక్క కారణంతో గర్భం తీయించుకోనక్కర లేదని.

ఎర్రగీత గీసిన ఏ మందునూ సొంతంగా ఆపవద్దు. గుండె బలహీనంగా ఉన్నవారిలో ప్రిల్, సార్టాన్ మందులు ఆపితే గుండె పనితీరు జారిపోవచ్చు. కాబట్టి వైద్యుడు మందులు మార్చిన తరువాత కొన్ని వారాలు ఆగి, మళ్లీ ఎకో తీయించి, అంకె నిలకడగా ఉందని చూసుకున్నాకే గర్భనిరోధం ఆపడం క్షేమం. అనుకోకుండా నెల తప్పితే మాత్రం అపాయింట్‌మెంట్ దొరికే దాకా ఆగకండి. ఆ రోజే ఫోన్ చేసి మాత్రల జాబితా చదివి వినిపించండి.

వద్దని చెబితే

అలా చెప్పే రోజు ఎంత కష్టంగా ఉంటుందో, దానికి తోడు 'ఇంకా ఏమీ విశేషం లేదా' అని అడిగే చుట్టాలు ఎందరుంటారో చెప్పనక్కర లేదు. ఆ మాట మీరొక్కరే వినకుండా భర్తను కూడా ఎదురుగా కూర్చోబెట్టి వైద్యుడి చేతనే చెప్పించండి. దత్తతకు కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. 2021 నాటి సరోగసీ చట్టం ప్రకారం, గర్భం ప్రాణాపాయమయ్యే జబ్బు ఉన్న వివాహిత స్త్రీకి డబ్బు ప్రసక్తి లేని సరోగసీకి అవకాశం ఉంది. అయితే అండాల కోసం ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లు కూడా రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతాయి కాబట్టి అక్కడా గుండె వైద్యుడి అనుమతి కావాలి. గర్భం మోయగలరని తేలినా సంతాన సాఫల్య చికిత్స అవసరమైనవారు ఒక్క పిండాన్నే ప్రవేశపెట్టమని పట్టుబట్టండి, కవలలంటే గుండెకు మరింత బరువు.

గర్భం వచ్చేసిన తరువాత ప్రమాదం బయటపడితే, 20 వారాల లోపు ఒక రిజిస్టర్డ్ వైద్యుడి అభిప్రాయం మీద చట్టబద్ధంగా గర్భస్రావం చేయించుకోవచ్చు. తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమైనప్పుడు ఆ వారాల పరిమితి వర్తించదు.

నెలలు నిండే వరకు

గర్భం ఖాయమైన వారంలోనే గుండె వైద్యుడు, ప్రసూతి వైద్యురాలు ఇద్దరినీ కలవండి, ఇద్దరి ఫోన్ నంబర్లు ఒకరి చీటీ మీద మరొకరివి రాయించండి. ఒకే ప్రాంగణంలో రెండు విభాగాలూ, యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్, పసిపిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రి అయితే సగం బెంగ తీరినట్టే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించడం కూడా మానవద్దు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెల 9వ తేదీన జరిగే పరీక్షల్లో ప్రమాదకర గర్భానికి కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. అత్యవసరంలో 108 సిబ్బందికి, కొత్త వైద్యుడికి అదే మొదట కంటపడుతుంది.

కనీసం నెలకొకసారి, ఏడో నెల తరువాత ఇంకా దగ్గర దగ్గరగా పరీక్షలు ఉండాలి. ఇంట్లో రోజూ ఒకే వేళకు రక్తపోటు, బరువు చూసి రాసుకోండి. రెండు మూడు రోజుల్లో బరువు కిలోకు పైగా పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. రక్తహీనత ఉంటే గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది కాబట్టి ఐరన్ మాత్రలు వదలకండి. నోములకూ శ్రావణ శుక్రవారాలకూ పూట పూర్తిగా పస్తుండటం, మాత్రలు మానడం ఈ ఏడాదికి వద్దు.

గర్భంలో అందరికీ కొంత ఆయాసం, గుండెల్లో మంట ఉంటాయి. మీరు గమనించవలసింది మార్పును. రాత్రి ఒక దిండుతో పడుకునేవారు రెండు దిండ్లకు, తరువాత మూడు దిండ్లకు మారుతున్నారంటే, పడుకోగానే దగ్గు వచ్చి లేచి కూర్చోవలసి వస్తోందంటే, అది గర్భం వల్ల వచ్చే మామూలు ఆయాసం కాదు. ఛాతీలో బరువు, దవడకో వీపుకో ఎడమ చేతికో పాకే నొప్పి, కారణం లేని చెమట, పొట్ట పైభాగంలో పట్టేసినట్టుండటం కనబడితే, 'గ్యాస్ అయి ఉంటుంది, సోడా తాగు' అన్న సలహాను పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ మొదటి వాక్యంలోనే 'నాకు ఇంతకుముందు గుండెపోటు వచ్చింది, ఇప్పుడు గర్భవతిని' అని చెప్పండి. గర్భిణి అనగానే నేరుగా కాన్పుల వార్డుకు పంపేస్తుంటారు. ఈసీజీ, గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ రక్తపరీక్ష అయ్యే దాకా కదలవద్దు. యాంజియోగ్రామ్ అవసరమన్నప్పుడు రేడియేషన్ భయంతో వెనకాడవద్దు. బిడ్డకు హాని జరుగుతుందని భావించే 50 మిల్లీగ్రేల స్థాయికి అది చాలా దిగువన ఉంటుంది, మూసుకుపోయిన నాళాన్ని తెరవడంలో ఆలస్యమే ఇద్దరికీ అసలు ప్రమాదం. అయిదో నెల దాటాక వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచి పెద్ద రక్తనాళాన్ని నొక్కుతుంది, ఎడమ పక్కకు తిప్పమని అడగండి.

కడుపు నొప్పి వచ్చినప్పుడు నెలలు నిండకుండా కాన్పు కాకూడదని కొందరు వైద్యులు ఐసాక్సుప్రిన్ అనే మందు రాస్తారు. అది గుండె వేగాన్ని పెంచుతుంది. గుండె జబ్బు సంగతి చెప్పకుండా దాన్ని వేసుకోకూడదు.

పురిటి ఊరు ఏది, కాన్పు ఎలా

ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకువెళ్లడం మన ఆనవాయితీ. ఈ గర్భానికి మాత్రం ఆసుపత్రి ఎక్కడుంటే పుట్టిల్లు అక్కడే అనుకోవాలి. పుట్టింటి నుంచి క్యాథ్‌ల్యాబ్‌కు రెండు మూడు గంటల ప్రయాణమైతే, అమ్మను మీ ఇంటికి రప్పించుకోవడం సులువు.

గుండె జబ్బు అనగానే సిజేరియన్ తప్పదనుకోవడం సరి కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరుగుతున్న రోజుల్లో ఈ మాట వినడానికి వింతగా ఉంటుంది. కాని గుండె నిలకడగా ఉన్నప్పుడు నడుముకు ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తుతో నొప్పి తగ్గించి, చివరి దశలో ఎక్కువసేపు ముక్కనివ్వకుండా వాక్యూమ్ గాని ఫోర్సెప్స్ గాని సాయంగా పెట్టి సహజ కాన్పు చేయడమే మార్గదర్శకాల మాట. అందులో రక్తస్రావం, ఇన్ఫెక్షన్, కాళ్లలో గడ్డలు తక్కువ. సాధారణంగా 40 వారాలు దాటనివ్వరు. ముహూర్తం పెట్టించుకోవాలనుకునేవారు గుండె వైద్యుడు, మత్తు వైద్యుడు, రక్తనిధి ముగ్గురూ అందుబాటులో ఉండే వారపు రోజు పగటి పూటనే పెట్టించుకోవాలి. తెల్లవారుజామున మూడున్నరకు మంచి లగ్నం ఉన్నా అప్పుడు ఆసుపత్రిలో నిపుణులు ఉండరు.

ఎనిమిదో నెలలో గుండె వైద్యుడి చేత ఒక పేజీ కాన్పు పత్రం రాయించి, దాన్ని కేసు షీటు మొదటి పేజీగా పెట్టించండి. అందులో గుండెపోటు తేదీ, స్టెంట్ వివరం, చివరి ఎకో అంకె, ప్రస్తుత మందులు ఉండాలి. క్లోపిడోగ్రెల్ ఉంటే వెన్నులో మత్తుకు సుమారు వారం ముందు ఆపాలని, హెపారిన్ నివారణ మోతాదు అయితే 12 గంటలు, చికిత్స మోతాదు అయితే 24 గంటలు ఎడం ఉండాలని, ఆస్పిరిన్ మత్తుకు అడ్డు కాదని అందులో కనబడాలి. అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో 'మెథర్జిన్ ఇవ్వరాదు' అని ఉండాలి. కాన్పు తరువాత రక్తస్రావం ఆపడానికి ప్రసూతి గదుల్లో అలవాటుగా ఇచ్చే ఈ ఇంజెక్షన్ గుండె రక్తనాళాలను కూడా ముడుచుకునేలా చేసి గుండెపోటు తెప్పించగలదు. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు మీ చరిత్ర చదివే తీరిక ఉండదు, ఆ ఒక్క వాక్యం మాత్రం కంటపడుతుంది. ఆక్సిటోసిన్‌ను ఒక్క పోటున కాకుండా సెలైన్‌లో నెమ్మదిగా ఇవ్వాలన్నది కూడా రాయించండి.

బాలింత రోజులు

బిడ్డ బయటపడగానే గర్భసంచి కుంచించుకుని అందులోని రక్తం ఒక్కసారిగా గుండె వైపు మళ్లుతుంది. తరువాతి రెండు మూడు రోజులు ఒంట్లో చేరిన నీరు కూడా రక్తంలోకి వస్తూనే ఉంటుంది. కాన్పు సుఖంగా అయిందని అందరూ మిఠాయిలు పంచుకునే ఆ గంటల్లోనే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఎక్కువ. కాబట్టి కనీసం 48 గంటలు మానిటర్ ఉన్న గదిలోనే ఉంచమని కోరండి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బదులు పారాసెటమాల్ అడగండి. పాలు మాన్పించవలసి వచ్చినా దానికి బ్రోమోక్రిప్టిన్ వద్దని చెప్పండి, అది కూడా రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది.

పాలివ్వడానికి గుండె జబ్బు అడ్డు కాదు. ఆస్పిరిన్ చిన్న మోతాదు, మెటోప్రొలాల్, ఎనలాప్రిల్ వేసుకుంటూ పాలివ్వవచ్చు; స్టాటిన్‌ను సాధారణంగా పాలు మాన్పించాక తిరిగి మొదలుపెడతారు. బాలింత పథ్యం పేరుతో రోజుకు గరిటెడు నెయ్యి, మంచం దిగనివ్వకపోవడం రెండూ వద్దు. పడుకునే ఉంటే కాళ్లలో గడ్డలు కడతాయి. వారం పది రోజుల్లో ఒకసారి, ఆరు వారాలకు ఎకోతో మరోసారి గుండె వైద్యుడిని కలవండి. ఆ ఆరు వారాల పరీక్ష నాటికే తదుపరి గర్భనిరోధం నిర్ణయమై ఉండాలి. కాపర్-టిని కాన్పు అయిన 48 గంటల్లోనే వేయించుకోవచ్చు. ఇక పిల్లలు చాలనుకుంటే మీకు మళ్లీ మత్తు, ఆపరేషన్ అవసరం లేకుండా, భర్త వేసెక్టమీ చేయించుకోవడం పావుగంట పని. మూడు నెలల తరువాత వీర్యపరీక్షలో కణాలు లేవని తేలే దాకా మాత్రం కండోమ్ వాడాలి.